ఎల్లారెడ్డి తూకం చీటీ ఏ జిల్లాది?

ఆబ్జెక్టులను ఫైల్లో దాచుకోవడం (సీరియలైజేషన్) గురించి పిల్లలకు చెప్పాల్సి వస్తే నేను వడ్ల కొనుగోలు కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లల్లో వడ్లు కొనే ఐకేపీ సెంటర్ తెలియనివాళ్లు తక్కువ. రైతు ఒక ఆబ్జెక్టు, తూకం ఇంకొకటి, లారీకి రాసిచ్చే ట్రక్ షీట్ మరొకటి. రైతుకు బ్యాంకు ఖాతా ఉంటుంది, తూకానికి తేమ శాతం, 40 కిలోల బస్తాల లెక్క ఉంటాయి, ట్రక్ షీట్‌లో మిల్లు పేరుంటుంది. అన్నీ ఒకే లిస్టులో కలగలిసి ఉంటాయి. సాయంత్రం ఫైల్లో రాసి, పొద్దున చదివితే ఏది రైతో ఏది తూకమో పొల్లుపోకుండా తిరిగి రావాలి.

పైథాన్‌లో పికిల్ అనే మాడ్యూల్ ఈ పని ఒక్క లైనులో చేసిపెడుతుంది. ఒకే రైతు మూడు విడతలుగా వడ్లు తెస్తే మూడు తూకాలూ ఆ ఒక్క రైతునే చూపాలి; లిస్టు మొత్తాన్ని ఒకేసారి డంప్ చేస్తే, అంటే ఫైల్లో రాస్తే, ఆ బంధం నిలుస్తుంది. తూకాలను విడివిడిగా డంప్ చేశామా, లోడ్ చేసినప్పుడు ముగ్గురు రైతులు పుట్టుకొస్తారు. ఒకరి ఖాతా నంబరు సరిచేసినా మిగతా ఇద్దరి దగ్గర పాతదే ఉంటుంది. డబ్బు పడాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు.

అంతకన్నా లోతైన చిక్కు ఇంకోటుంది. పికిల్ ఫైల్లో క్లాస్ కోడ్ ఉండదు. క్లాస్ పేరు, అది ఉన్న మాడ్యూల్ పేరు, ఆ ఆబ్జెక్టుకు సొంతమైన విలువలు మాత్రమే ఉంటాయి. క్లాసులో అందరికీ ఉమ్మడిగా పెట్టిన విలువ ఫైల్లోకి ఎక్కదు. 2015లో ఎవరో తూకం క్లాసులో జిల్లా నిజామాబాద్ అని ఉమ్మడిగా రాశారనుకుందాం. అప్పటికది సరైనదే. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడి ఎల్లారెడ్డి అందులోకి వచ్చింది. కోడ్‌లో ఆ ఒక్క మాట మార్చారు. ఇప్పుడు 2015 నాటి ఫైలు తెరిస్తే ఏ ఎర్రరూ రాదు. పాత చీటీలన్నీ అప్పటికి పుట్టనే లేని జిల్లా పేరు చెబుతాయి. జావాలో స్టాటిక్ ఫీల్డులదీ ఇదే తీరు. ప్రోగ్రామ్ ఆగిపోతే కారణం వెతుక్కుంటాం; చప్పుడు లేకుండా రికార్డు మారిపోతే ఎవరు పట్టుకుంటారు? సీరియలైజేషన్‌లో నాకు అన్నిటికన్నా భయం ఇదంటేనే.

అందుకే ఏళ్ల తరబడి నిలవాల్సిన లెక్కలకు పికిల్ వద్దంటాను. ఎవరో పంపిన పికిల్ ఫైలునైతే అసలే తెరవకూడదు. లోడ్ అవుతుండగానే అందులో దాచిన కోడ్ నడిచిపోవచ్చని పైథాన్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది.

పికిల్ బదులు వాడదగ్గ జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌తో శ్రమ ఎక్కువే. దానికి మన క్లాసులు తెలియవు, తేదీ అన్న రకమే లేదు. ప్రతి రికార్డులో రకం, వెర్షన్, జిల్లా మనమే రాయాలి. రైతుకు ఒక ఐడీ ఇచ్చి, తూకంలో ఆ ఐడీ మాత్రమే పెట్టాలి. జిల్లా రాయని పాత వెర్షన్ రికార్డు ఎదురైతే తూకం తేదీ చూసి నింపే నాలుగు లైన్లు చదివే కోడ్‌లో ఉండాలి. ఈ శ్రమ తప్పించుకోదగ్గది కాదని నా గట్టి నమ్మకం.

ఇంకొక్క మాట. మామూలుగా వదిలేస్తే పైథాన్ జేసన్‌లో ‘ఎల్లారెడ్డి’ అన్న పేరు ఎవరికీ అర్థంకాని 66 గుర్తుల వరుసగా మారుతుంది. ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే సెట్టింగును ఆపేసి యూటీఎఫ్-8లో రాస్తే 33 బైట్లలోనే తెలుగు తెలుగుగా ఉంటుంది. రేపు మన ప్రోగ్రామ్ మూలనపడ్డా, సెంటర్ నడిపే మహిళా సంఘం సభ్యురాలు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏ రైతువి ఎన్ని బస్తాలో చూసి చెప్పగలుగుతుంది.