అడగని పుస్తకం

బెంగళూరు మ్యూజియం రోడ్డులో 1971లో టి.ఎస్. శాన్‌భాగ్ తెరిచిన ప్రీమియర్ బుక్ షాప్ 2009లో మూతపడింది. ఆయన 2021 మేలో కోవిడ్‌తో కన్నుమూశారు. ఆ రెండు సందర్భాల్లోనూ వచ్చిన రాతలు చాలా చదివాను. అన్నిటా అవే సంగతులు: కప్పు దాకా పుస్తకాల గుట్టలు, ఒదిగి నడవాల్సిన సందులు, ఏది అడిగినా ఏ గుట్టలో ఉందో చెప్పగల ఆయన జ్ఞాపకం, అడగకుండానే తగ్గించే ధర. ముంబైలో 1948 నాటి స్ట్రాండ్ బుక్ స్టాల్ 2018లో మూతపడినప్పుడూ ఇదే ధోరణి.

ఆ మెప్పుకు శాన్‌భాగ్ గారు తగినవారే. కానీ ఈ రాతల్లో అంగడి యజమాని కనిపించినంతగా అంగడి చేసే పని కనిపించదు. ఒక పుస్తకం కోసం పోయి, అడగని ఇంకొక పుస్తకంతో ఇంటికి రావడం, అదీ అసలు పని. బెంగళూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మన హోసూరులో తెలుగు పాఠకుడు ముందే పేరు విన్న పుస్తకాన్నే తెప్పించుకుంటాడు, బెంగళూరుకో చిత్తూరుకో పోయే వాళ్ల సంచిలో. స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ నాకు అందింది అలాగే. పులికాట్ సరస్సు చుట్టుపక్కల పల్లెల తెలుగు అది, మన మాట కాదు. అయినా ఏ వాచకం కన్నా మా ఇంటి మాటకు దగ్గరగా వినిపించింది. ఎవరో పేరు చెప్పకపోతే అలాంటి పుస్తకం ఒకటుందనే నాకు తెలిసేది కాదు.

ప్రీమియర్ పోయినా దాని పాఠకులు మిగిలారు, చర్చ్ స్ట్రీట్‌లో వేరే అంగళ్లు వెతుక్కున్నారు. ఇక్కడ కథ తలకిందులు. 2006 తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై 2015-16కు పదో తరగతి చేరింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు పేచీ లేదు, సంతలో, బస్సులో అది మనకు నిత్యం కావలసిన మాటే. తెలుగు గంట పక్కకు జరగడం మీదే పేచీ. చదివేవాడే కరువైతే అంగడి ఎవరి కోసం తెరుస్తారు?

మొన్న కృష్ణగిరి పక్క పల్లెలో ఒక అవ్వకు ఆ కథలు చదివి వినిపించాను. ప్లస్ టూ చదివే మనుమరాలు పుస్తకం తిరగేసి, అక్షరాలు రావని నా చేతికే ఇచ్చేసింది. కానీ కథ నడుస్తుంటే నవ్వాల్సిన చోటల్లా అవ్వ కన్నా ముందు తనే నవ్వింది. లేవబోతుంటే అవ్వ, “పుస్తకం ఈడే పెట్టిపో నాయనా, వచ్చే ఆదివారం నువ్వే వచ్చి చదువుదువు” అంది. పెట్టి వచ్చాను.