అన్నా తమ్ముడూ ఉన్న పేజీ

బరంపురంలో మా ఇంటికి సాయంత్రాలు డిగ్రీ పిల్లలు వెబ్ పేజీలు నేర్చుకోడానికి వస్తారు. మొదటి పాఠానికి అప్పడాల దుకాణం ధరల పట్టీ రాయిస్తాను. అప్పడాలకూ పచ్చళ్ళకూ పేరుమోసిన ఊళ్ళో సరుకు వెతుక్కోనక్కర్లేదు. మొన్న ఒకమ్మాయి పట్టీ చక్కగా రాసింది గానీ, మినప అప్పడాల ధర మార్చే స్క్రిప్టును ఫైలు పైభాగంలో, హెడ్‌లో పెట్టింది. ఆ వరుస కోసం గెట్‌ఎలిమెంట్‌బైఐడి అని అడిగితే బ్రౌజర్ 'నల్' అంది.

"మేస్టారూ, ఫైల్లో కళ్ళెదురుగా ఉంది కదా, లేదంటుందేంటి?"

ఫైల్లో ఉంది. చెట్టులో ఇంకా పుట్టలేదు. బ్రౌజర్ మన ఫైలును పైనుంచి చదువుకుంటూ మెమరీలో ఒక చెట్టు కడుతుంది. దాని పేరే డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్, వాడుకలో డామ్. ఆ స్క్రిప్టు నడిచే వేళకు కట్టడం పట్టీ దాకా రాలేదు. అమ్మాయి స్క్రిప్టును వేరే ఫైల్లోకి తీసి, ట్యాగులో డీఫర్ అని చేర్చింది. ఈసారి చెట్టంతా కట్టాకే స్క్రిప్టు నడిచింది, ధర మారింది. ఫైలు తెరిచి చూస్తే మాత్రం పాత ధరే! అందుకు ఆ పిల్ల మరీ ఆశ్చర్యపోయింది.

డామ్‌ని నేను వంశవృక్షంలా చెబుతాను. అందరికన్నా పైన డాక్యుమెంట్, దాని కింద హెచ్‌టీఎమ్‌ఎల్, దానికి హెడ్, బాడీ అని ఇద్దరు పిల్లలు. బాడీలో పట్టీ, పట్టీలో వరుసలు. వరుసలోని అక్షరాలు కూడా ఒక నోడే. ఇంగ్లీషులో సిబ్లింగ్ అన్నాక, ముందుదా తర్వాతిదా అని చెప్పడానికి ఇంకో మాట తగిలించాలి: ప్రీవియస్‌సిబ్లింగ్, నెక్స్ట్‌సిబ్లింగ్. మనకు అన్న వేరు, తమ్ముడు వేరు. డామ్‌లోనూ వరుసక్రమమే ప్రాణం కాబట్టి, మన పిల్లలకు ఇది చప్పున ఎక్కుతుంది. ఒక్కటే చిక్కు: రెండు ట్యాగుల మధ్య మనం వదిలిన ఖాళీ కూడా టెక్స్ట్ నోడే. అన్నెవరని అడిగితే ఆ ఖాళీయే పలుకుతుంది. అసలు అన్న కావాలంటే ప్రీవియస్‌ఎలిమెంట్‌సిబ్లింగ్ అనాలి.

ఒక నోడుకు ఒక్క తల్లే. ఒక పట్టీలో ఉన్న వరుసను అపెండ్‌చైల్డ్‌తో ఇంకో పట్టీకి ఇస్తే నకలు రాదు, పాత ఇల్లు ఖాళీ అవుతుంది. అచ్చం దత్తతే. ఒక డాక్యుమెంట్ నుంచి మరో డాక్యుమెంట్‌కి నోడును తెచ్చుకునే పద్ధతి పేరు నిజంగానే అడాప్ట్‌నోడ్. ఇక వరుస మీద ఎవరైనా నొక్కితే ఆ కబురు తల్లికి, అమ్మమ్మకు, డాక్యుమెంట్ దాకా పాకుతుంది. ప్రతి వరుసకూ కాపలా పెట్టకుండా పట్టీ దగ్గర ఒక్క లిజనర్ పెడితే చాలు.

నన్ను బాగా తిప్పలు పెట్టింది గెట్‌ఎలిమెంట్స్‌బైట్యాగ్‌నేమ్. అది ఇచ్చే జాబితా బతికున్న జాబితా. ఐదు వరుసల్నీ తీసేద్దామని సున్నా నుంచి లూప్ తిప్పితే రెండు మిగిలాయి. ఒకటి తీసేయగానే వెనకది ముందుకు జరుగుతుంది, మన లెక్క దాన్ని దాటిపోతుంది. చివరి నుంచి తియ్యాలి, లేదా క్వెరీసెలెక్టర్‌ఆల్ వాడాలి. అది తీసిన ఫోటోలాంటిది, కదలదు.

స్క్రిప్టుతో పేజీని మార్చే విషయంలో 1997లో నెట్‌స్కేప్ 4, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 బ్రౌజర్లు ఎవరి దారిలో వారు నడిచి, ఒకే పనికి రెండు రకాల కోడ్ రాయించాయి. 1998 అక్టోబర్ 1న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ డామ్ మొదటి స్థాయిని ప్రమాణంగా ప్రకటించింది. ఇప్పటి పిల్లలు నేరుగా రియాక్ట్ లైబ్రరీకి పోతామంటారు. పొమ్మంటాను, కానీ ఒక నెల ఈ చెట్టును చేత్తో కట్టాక. రియాక్ట్ వెబ్‌లో చివరికి మార్చేదీ ఈ చెట్టునే.

ఇక మా ఊరి సంగతి. 1936 ఏప్రిల్ 1న బరంపురం ఉన్న గంజాం జిల్లాలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాకు వెళ్ళింది. మా ఇళ్ళల్లో తెలుగు ఉండిపోయింది. అందుకే ఆ అమ్మాయి పట్టీలో తెలుగు, ఒడియా లిపులు రెండూ ఉన్నాయి. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులో లాంగ్ అన్నచోట తెలుగు గుర్తు 'టీఈ' రాయించాను. ఆ గుర్తు చూసే స్క్రీన్ రీడర్ ఏ భాష గొంతుతో చదవాలో ఎంచుకుంటుంది. లోపలున్న వరుసలన్నిటికీ అది పైనుంచే వచ్చింది. ఒడియా పేరున్న ఒక్క వరుస దగ్గర ఆగి, ఆ అమ్మాయి తనంతట తానే 'ఓఆర్' అని చేర్చింది.