వర్ణమాల చాలని చోటు: డి.ఎన్.ఏ.ను గుర్తించే ప్రోటీన్ల నిర్మాణంలో ఒక రూపకం

డి.ఎన్.ఏ.ను లిపిగా, నత్రజని క్షారాలను అక్షరాలుగా చెప్పడం జన్యుశాస్త్ర రచనలో స్థిరపడిన పద్ధతి. కోరిన క్షారక్రమానికి బంధించుకునే ప్రోటీన్ల నిర్మాణంలో ఈ రూపకం వివరణ దశను దాటి పరికల్పనగా మారింది. ఆ పరికల్పన ఎంతవరకు నిలుస్తుందన్నదే పరిశీలించదగిన ప్రశ్న.

1985లో ఏరన్ క్లగ్ బృందం ఒక కప్ప ప్రోటీన్‌లో, సుమారు 30 ఎమైనో ఆమ్లాలు జింక్ అయాన్ చుట్టూ ముడుచుకొని ఏర్పడే పునరావృత నిర్మాణాన్ని ప్రతిపాదించింది. అదే జింక్ ఫింగర్. 1991లో పావ్లెటిచ్, పాబో వెలువరించిన జిఫ్268 స్ఫటిక నిర్మాణంలో ఒక్కొక్క ఫింగర్ ప్రధానంగా మూడేసి క్షారాలను తాకుతున్నట్లు కనిపించింది. ప్రతి త్రికానికీ ఒక ఫింగర్‌ను సిద్ధం చేసి వరుసగా కూర్చితే ఏ క్రమాన్నయినా చదివించవచ్చన్న ఆశ దీనితో బలపడింది.

అక్షరం స్వతంత్రమని భావించడమే ఈ వాదంలోని లోపం. ఫింగర్ స్పర్శ తన త్రికంతో ఆగదు. పొరుగు త్రికపు అంచున, ఎదుటి పోగులోని క్షారాన్నీ తాకగలదు. విడిభాగాల కూర్పు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా విఫలమవుతున్నదని 2008లో కీత్ జౌంగ్ బృందం నేచర్ మెథడ్స్‌లో చూపింది. తెలుగు వ్యాకరణ పరిభాషలో ఇది వర్ణమాల సమస్య కాదు, సంధి సమస్య. ‘రాముడు’, ‘అతడు’ కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు పూర్వపదాంతం యథాతథంగా మిగలదు. అయితే ఈ పోలికకూ హద్దుంది. సంధికి సూత్రముంది, ఫింగర్ల పొరుగు ప్రభావాన్ని అంత సులభంగా సూత్రీకరించలేకపోవడం వల్లనే ప్రయోగపూర్వకమైన ఎంపిక పద్ధతులు అవసరమయ్యాయి.

వరిలో ఎండాకు తెగులు కలిగించే బాక్టీరియా చెందిన శాంథోమొనాస్ ప్రజాతిలోని టేల్ ప్రోటీన్ల సంకేతాన్ని 2009లో రెండు బృందాలు వేర్వేరుగా వెల్లడించాయి. అక్కడ ఒక పునరావృతానికి ఒక క్షారం. 12, 13 స్థానాల ఎమైనో ఆమ్లాలు ఆ సంబంధాన్ని సూచిస్తాయి. అక్షర రూపకం ఇక్కడ చాలావరకు సార్థకం. అయినా సహజ లక్ష్యక్రమానికి ముందు సాధారణంగా థైమిన్ ఉండడం సందర్భ ప్రమేయాన్ని గుర్తు చేస్తుంది.

ఇది కేవలం పదాల ఎంపికకు సంబంధించిన చర్చ కాదు. ఇటువంటి ప్రోటీన్లకు ఫోక్‌వన్ ఎంజైము ఛేదన భాగాన్ని జోడించినప్పుడు, తప్పు గుర్తింపు తప్పు చోట కోతకు దారితీయవచ్చు. కనుక బోధనలోనూ, రచనలోనూ లిపి రూపకాన్ని వాడేటప్పుడు అది ఏ ప్రోటీన్‌కు, ఎంత మేరకు వర్తిస్తుందో పేర్కొనడం శాస్త్రీయ బాధ్యత.