ఇంట్లో మోగించి చూశాకే

నెల్లూరు ట్రంకురోడ్డులో ఎలక్ట్రానిక్స్ సామాను కొంటే బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో తరచూ ఒక మాట కనబడుతుంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మిక్సీ కొనేవాళ్ళకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. షాపులో తిరిగిన మిక్సీ ఇంట్లోనూ అట్టాగే తిరుగుతుంది. స్పీకర్ల సంగతి వేరు. పెట్టె అదే, పాట అదే అయినా గది మారితే మోత మారిపోతుంది.

మన ఇళ్ళు ఒకసారి చూడండి. కింద టైల్సో గ్రానైటో, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, కిటికీకి పల్చటి కర్టెను, ఓ మూల అద్దాల షోకేసు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొడితే ఖంగున మోగుతుంది. డీలరు గదిలోనేమో తివాచీ, మెత్తటి సోఫాలు, గోడలకు ప్యానెళ్ళు. అక్కడ బాలు గొంతు మన పక్కన కూర్చుని పాడినట్టుంటే, ఇంటికొచ్చాక ‘స’కారాలన్నీ చెవిలో గుచ్చుకుంటాయి. ఎదురెదురు గోడల మధ్య 11 అడుగులున్న గదిలో 50 హెర్ట్జ్ దగ్గరి మంద్రస్వరం ఉబ్బిపోతుంది. వెనకగోడకు ఆనుకున్న సోఫాలో కూర్చుంటే డోలు దెబ్బ పొట్టలో తగులుతుంది. సోఫాను గది మధ్యకు జరిపితే అదే దెబ్బ సగం మాయం. షోకేసులో స్టీలు గ్లాసులు మాత్రం రెండు చోట్లా వణుకుతూనే ఉంటాయి.

ఇందులో స్పీకరు తప్పేమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపల, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులోని 2(47) సెక్షను చెబుతోంది. కాబట్టి మోగని స్పీకరుకు బిల్లు అడుగున ఉన్న ఆ మాట అడ్డం కాదు. షాపువాడు మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు కూడా లేదు. అయితే బాగానే మోగుతూ మన హాలుకు పొసగని స్పీకరుకు ఈ చట్టం అక్కరకు రాదు. యూరప్‌లో దూరాన్నుంచి తెప్పించుకున్న వస్తువును 14 రోజుల్లోపల కారణం చెప్పకుండానే తిప్పి పంపొచ్చు. అట్టాంటి హక్కు మనకు లేదు. మనకున్నదల్లా ఇంట్లో విని నచ్చకపోతే వాపసిస్తామని డీలరుతో ముందే చేసుకునే మాట.

ఆ మాట అడగడానికి మనవాళ్ళకు మహా మొహమాటం. సంతలో ఎద్దును కొనే రైతు కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూడకుండా డబ్బు తీయడు, అమ్మేవాడూ దాన్ని తప్పు పట్టడు. 60 వేల స్పీకర్లు కొనేటప్పుడు మాత్రం, షాపులో ఏసీ కింద రెండు పాటలు విని తలూపుతాం. అందులోనూ ఖరీదైన జతను కాస్త సౌండు పెంచి వినిపిస్తే చాలు, అదే బాగున్నట్టు తోస్తుంది. మైక్‌సెట్ల వాళ్ళను చూసి నేర్చుకోవాలి. కొత్త ఆంప్లిఫయరు చేతికి రాగానే హారన్లు తగిలించి వీధిలో మోగించి చూస్తారే గాని, తిరునాళ్ళ రోజుదాకా ఆగరు.

డీలరు బాధ కూడా ఉంది. నాకు తెలిసిన ఒకాయన ఎంత చనువున్నా డెమో పెట్టెలు సముద్రం దిక్కుకు పంపడు. “ఇచ్చేదానికి నాకేం బాధన్నా? మైపాడు పక్క ఇళ్ళకు పోయి వచ్చిన పెట్టెను ఇంకో మనిషికి కొత్తదని ఎట్టా చూపిచ్చేది?” అంటాడు. ఉప్పుగాలికి వెనక టెర్మినళ్ళు నల్లబడతాయి, రాగి తీగ పచ్చబారుతుంది. ఆ తేమకు ఫోము అంచులు పొడిపొడిగా రాలిపోతాయి, రబ్బరు అంచులైతే కాస్త ఓర్చుకుంటాయి. పుట్టినరోజు పార్టీ ముగించుకుని సోమవారం పొద్దున “నచ్చలేదు” అని తెచ్చిచ్చే మహానుభావులూ ఉన్నారు. షాపులో గంటసేపు విని, మోడలు నంబరు రాసుకుని, మెట్లు దిగుతూనే ఫోనులో ఆర్డరు పెట్టేవాళ్ళకైతే ఏ పేరు పెట్టాలో తెలియదు. నన్నడిగితే డీలరు డిపాజిట్ తీసుకోవడం, గీతలు పడితే కోత పెట్టడం న్యాయమే.

ఒప్పుకోలేనిది ఇంకొకటుంది. ఇంటికి తెచ్చిన జత బాలేదని ఫోను చేస్తే, “మగ్గాలి సార్, నూరు గంటలు మోగనీండి” అనే జవాబు. రోజుకు రెండు గంటలు వినే ఇంట్లో నూరు గంటలంటే యాభై రోజులు. ఏ గడువైనా ఆలోపే దాటిపోతుంది. స్పీకరు మగ్గేదానికన్నా మన చెవి అలవాటు పడిపోయేదే ఎక్కువని నా అనుమానం. ఆన్‌లైన్‌లో కొంటే సుఖమనుకోవడానికీ లేదు. చాలా ఎలక్ట్రానిక్స్ సామాన్లకు అక్కడ ఇచ్చేది రీప్లేస్‌మెంటే. పొసగని జతకు బదులు అదే మోడలు మరో జత వస్తుంది.

ట్రయలుకు తెచ్చుకుంటే ఆ నాలుగు రోజులూ ఇల్లు రోజూ ఉన్నట్టే ఉండనివ్వండి. ఫ్యాను తిరుగుతుండాలి, వంటింట్లో కుక్కరు కూతెయ్యాలి, రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక సౌండు బాగా తగ్గించి వినాలి. బాగా తెలిసిన పాటే పెట్టండి. పాత జత ఉంటే పక్కనే ఉంచి, రెండూ ఒకే సౌండులో వినండి.

డబ్బు కట్టేముందు బిల్లు మీద “వారం లోపల నచ్చకపోతే వాపసు” అని రాయించి, సంతకం, షాపు ముద్ర వేయించుకోండి. ఎంత కోత పెడతారో కూడా అక్కడే రాయమనండి. నోటిమాటగా ఒప్పుకుని రాతలో ఒప్పుకోని షాపులో కొనకండి. వారం గడిచేదాకా అట్టపెట్టె, థర్మోకోలు పారేయకండి.