నీరసానికి తీపి

నీరసంగా ఉందని ఎవరైనా అంటే మన ఇళ్లలో ముందు కదిలేది చక్కెర డబ్బా. గ్లూకోజ్ నీళ్లు, కొబ్బరి బొండం, బెల్లం పానకం, హార్లిక్స్. పల్లెల్లో అయితే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు. ఎండలో పొలం పని చేసి వచ్చిన మనిషికి ఇవన్నీ బాగానే పనిచేస్తాయి. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మాత్రం చాలాసార్లు ఆ నీరసం తెచ్చిపెట్టేదే తీపి. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న దగ్గర్నుంచీ మా చుట్టాలకు నేను చెబుతూ వస్తున్నది ఈ ఒక్క ముక్కే. సగం మంది ఇంకా నమ్మలేదు.

మామూలు పొట్టకు చెరువు తూములాంటి ఏర్పాటు ఉంటుంది. తిన్నదాన్ని కాసేపు నిలవ ఉంచి, మెత్తగా నలిపి, కొద్దికొద్దిగా పేగులోకి వదులుతుంది. బైపాస్‌లో పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రం ఉంచి, దాన్ని తీసుకెళ్లి చిన్నపేగుకు కొంత దిగువన కలుపుతారు. తూము పోయింది. అలాంటి కడుపులోకి ఒక గరిటెడు పాయసం వెళ్తే చక్కెరంతా ఒక్కసారిగా పేగులో పడుతుంది. ఆ చిక్కదనాన్ని పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి దిగుతుంది. తిన్న పావుగంటకో, అరగంటకో గుండె దడ మొదలవుతుంది, చెమటలు పడతాయి, కడుపు మెలిపెడుతుంది, విరేచనం అవుతుంది. ఆ తర్వాత వచ్చే నిస్త్రాణ ఎలాంటిదంటే, పెళ్లివారింట్లో చాప కనబడినా చాలు, పట్టుచీరతోనే నడుం వాల్చేస్తాం.

దీన్ని డాక్టర్లు డంపింగ్ అంటారు. ఈ పేరు 1922 నాటిది. అప్పటికి బరువు కోసం కడుపు కోసే పద్ధతే లేదు. అల్సర్లకు పొట్ట ఆపరేషన్ చేయించుకున్న రోగుల్లో ఈ బాధ చూశారు. అలాంటి ఆపరేషన్ల తర్వాత మనుషులు చిక్కిపోవడం గమనించే అమెరికాలోని అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాడు. అంటే బరువు తగ్గడం, తిన్నది పడకపోవడం మొదటి నుంచీ జంటగా వస్తున్నవే. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే అన్నిసార్లూ కుదరదు. స్లీవ్ అనే మరో రకం బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ డంపింగ్ వస్తుంది గానీ బైపాస్ వాళ్లకే ఎక్కువ.

డంపింగ్ ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 50 గ్రాములో 75 గ్రాములో గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి నాడి చూస్తారు. మొదటి అరగంటలో నాడి నిమిషానికి 10కి మించి పెరిగితే ఉన్నట్టే. డాక్టర్లు కావాలని డంపింగ్ తెప్పించడానికి తాగించే ఆ గ్లూకోజ్‌నే మా మేనత్త బలానికని కలిపి తెస్తుంది. “ఒక్క గ్లాసేనే, ఒంటికి పట్టొద్దూ? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో” అంటుంది. గుంటూరు జిల్లా ఆప్యాయత అది, వాదించి గెలవలేం. “పెరుగు పెట్టత్తా, తింటాను” అంటే ఆవిడకూ తృప్తి, నాకూ క్షేమం. మాట మార్చడం కాదు, వస్తువు మార్చాలి. చుట్టాలతో నేను నెగ్గుకొస్తున్నది ఈ ఒక్క ఉపాయంతోనే.

తిన్న వెంటనే కాకుండా గంట నుంచి మూడు గంటల మధ్య వచ్చే నీరసం ఇంకా గడుసుది. చాలామందికి ఆపరేషన్ అయిన ఏడాదికి, ఆ తర్వాత మొదలవుతుంది కాబట్టి దానికీ దీనికీ సంబంధం ఉందనే తోచదు. చక్కెర ఒక్క ఉదుటున రక్తంలోకి ఎక్కడంతో ఒళ్లు కంగారుపడి ఇన్సులిన్‌ను అవసరానికి మించి వదులుతుంది. దాంతో షుగర్ దబ్బున పడిపోతుంది. చేతులు వణకడం, కళ్లు మసకలు కమ్మడం, మాట తడబడటం, ఉన్నట్టుండి పిచ్చి ఆకలి. జీవితంలో ఎప్పుడూ షుగర్ వ్యాధి లేనివాళ్లకీ ఇది వస్తుంది. ఆ సమయంలో స్కూటీ తీయడం మహా ప్రమాదం.

తీపి వద్దన్న నేనే ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. షుగర్ నిజంగా పడిపోయినప్పుడు తీపి కావాల్సిందే. గ్లూకోమీటర్‌తో వేలు పొడిచి చూసుకుని, డాక్టర్ చెప్పిన కొలతలో గ్లూకోజ్ తీసుకోవాలి. అక్కడితో ఆపి, కాస్త తేరుకోగానే ఒక గుడ్డో, గుప్పెడు వేరుశనగపప్పో, గట్టి పెరుగో తినాలి. అలా కాకుండా భయంతో ఇంకో లడ్డూ, ఇంకో గ్లాసు జ్యూస్ తీసుకుంటే మళ్లీ ఇన్సులిన్ ఎగుస్తుంది, రెండు గంటలకు మళ్లీ అదే వణుకు. పదేపదే వస్తుంటే డాక్టర్లు అకార్బోజ్ లాంటి మందులు ఇస్తారు. సొంతంగా భరిస్తూ కూర్చోవాల్సిన పని లేదు.

వీటిని తప్పించుకునే విద్యంతా కంచం ముందు నేర్చుకోవలసిందే. డైటీషియన్ చెప్పే సూత్రాలు తేలికగానే వినబడతాయి: ముందు మాంసకృత్తులు తిను, పిండిపదార్థం చివర తిను, భోజనంతో నీళ్లు తాగకు, మెత్తగా నములు. ఇంగ్లీషు పుస్తకంలో చదువుతుంటే ఏ కష్టమూ కనబడదు. తెలుగు భోజనం మీద పెడితే తెలుస్తుంది. మనకు అన్నమే భోజనం. కూర, పప్పు, పచ్చడి అన్నీ అందులో కలవడానికే పుట్టాయి. ముద్దపప్పును అన్నం లేకుండా చెంచాతో తింటుంటే మొదట్లో నాకే పత్యం తింటున్నట్టు ఉండేది. ఇక చారన్నం, మజ్జిగన్నం చూడండి. ఘనపదార్థంతో పాటు ద్రవం పోస్తే సంచిలోంచి అంతా తొందరగా జారిపోతుందని కదా నీళ్లు వద్దన్నది! ఆ లెక్కన చారన్నం పూర్తిగా నిషిద్ధం. నేను చారును వదులుకోలేదు. భోజనమైన అరగంట దాటాక గ్లాసులో పోసుకుని, మిరియాల ఘాటు తగిలేలా గుటక గుటకగా తాగుతాను. మజ్జిగకు బదులు గట్టి పెరుగు. అన్నం చివర్లో చోటుంటే నాలుగు మెతుకులు, లేకపోతే లేదు. తెల్లన్నం ముద్దలా మారి సంచి దగ్గర పట్టేస్తుంది కూడా. గొంతు కింద రాయి పెట్టినట్టుండే ఆ బాధ ఒకసారి పడ్డవాళ్లకు నమలడం ఎవరూ నేర్పక్కర్లేదు.

కొందరికి ఆపరేషన్ తర్వాత పాలు కూడా పడవు. పెరుగు పడుతుంది. తిన్న వెంటనే పడుకోకూడదని పెద్దలు చెప్పిన మాట కూడా ఇక్కడ చెల్లదు. డంపింగ్ బాధ ఉన్నవాళ్లను తిన్నాక ఓ అరగంట వాలమని డాక్టర్లే చెబుతారు. కోడలు తినగానే గదిలోకి వెళ్లి పడుకుంటోందని సణిగే అత్తగార్లు దయచేసి ఈ వాక్యం మరోసారి చదవాలి.

గడియారంతో సంబంధం లేని నీరసం వేరే ఉంది. పొద్దున లేచేసరికే ఒళ్లు బరువు, మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. “ఒళ్లు తగ్గింది గానీ సత్తువ పోయింది, ఎందుకు చేయించుకున్నావమ్మా” అని ఇరుగుపొరుగు జాలిపడేది దీన్ని చూసే. నాకూ ఆ దశ వచ్చింది. వయసన్నారు, దిష్టి అన్నారు. రక్తపరీక్షలో ఫెరిటిన్, అంటే ఒంట్లోని ఐరన్ నిల్వ, అడుగంటిందని తేలింది. మనం తిన్న ఐరన్ ఎక్కువగా పొట్ట దాటగానే ఉండే పేగు మొదటి భాగంలో ఒంటికి పడుతుంది. బైపాస్ తర్వాత తిండి ఆ దారినే పోదు. బి12 ఒంటబట్టాలంటే పొట్టలో ఊరే రసాల సాయం కావాలి, అవీ తగ్గిపోయాయి. శాకాహారుల ఇళ్లలో బి12 ముందే అంతంతమాత్రం. హిమోగ్లోబిన్ బాగానే ఉందని ఊరుకోకూడదు. ఫెరిటిన్ ఖాళీ అయినా హిమోగ్లోబిన్ కొంతకాలం నిలబడుతుంది. నాకు నరానికి ఎక్కించిన ఐరన్‌తో తేడా తెలిసింది. కాఫీతో ఐరన్ బిళ్ల మింగడం దండగ. కాల్షియం బిళ్లకూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదంటారు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కాబట్టి లెక్క వేసుకుని తినకపోతే ఆ అంకె అందదు. నీళ్లు గటగటా తాగే రోజులు పోయాయి గనక సీసా పక్కనే పెట్టుకుని రోజంతా గుక్క గుక్కగా తాగాలి. మన వేసవిలో ఈ ఒక్కటి తప్పినా మనిషి వడలిపోతాడు.

ఇక సెలైన్ సంగతి. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి వాంతులవుతూ తిండి నిలవకపోతే ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, త్వరగా అయిపోతుంది. నడక తూలడం, ఒకటి రెండుగా కనబడటం, మతిమరుపు మొదలైతే అది ఎమర్జెన్సీ. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా, సెలైన్ పేరుతో గ్లూకోజ్ కలిసిన బాటిల్ పెడితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరసానికి ఊళ్లో అందరికీ తెలిసిన ఆ చికిత్సే ఇక్కడ అన్నిటికన్నా అపాయకరం. కాబట్టి ఏ క్లినిక్‌కు వెళ్లినా, సూది గుచ్చేలోపే “నాకు బైపాస్ అయింది, చాలా రోజులుగా వాంతులు అవుతున్నాయి” అని చెప్పండి. చెప్పలేని స్థితి వస్తుందేమోనని నేను ఒక చీటీ రాసి పర్సులో ఆధార్ కార్డు వెనక పెట్టుకున్నాను.

బరువు తగ్గి, బట్టలు వదులై, అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లోనే చాలామంది విటమిన్ బిళ్లలు ఆపేస్తారు. ఆపేసినవాళ్లు ఈ వారమే మళ్లీ మొదలుపెట్టండి, సర్జన్‌నో ఫిజీషియన్‌నో కలిసి రక్తపరీక్ష రాయించుకోండి. ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం అందులో ఉండేలా చూసుకోండి. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏటా ఒకసారి చేయించుకోవాలి. ఇది జీవితాంతం ఉండే పని.