పాత్ర చెప్పనిది వాద్యబృందం చెబుతుంది

రిచర్డ్ వాగ్నర్ ఆపెరా ‘డీ వాల్క్యూరె’ మొదటి అంకంలో జీగ్లిండె తన పెళ్లినాటి సంగతి చెబుతుంది. ఇష్టం లేని పెళ్లి అది. విందు జరుగుతుంటే పిలవని ముసలాయన ఒకడు లోపలికి వచ్చాడు. టోపీ ఒక కంటిని కప్పేసింది. ఇంటి నడుమ ఉన్న చెట్టు మానులో కత్తిని పిడిదాకా దింపి వెళ్లిపోయాడు. ఆయన పేరు ఆమె నోట రాదు. కానీ ఇత్తడి వాద్యాలు మెల్లగా ఒక స్వరమాలను అందుకుంటాయి. అది దేవతల కోట వాల్హాల్లాది, దీనికి ముందు నాటకం ‘దాస్ రైన్‌గోల్డ్’లో మనం విన్నదే. వచ్చినవాడు దేవతల రాజు వోటాన్! అంతకుముందు ఆ ఇంట ఆశ్రయం పొందిన జీగ్‌మంట్ తన తండ్రి అడవిలో మాయమైన సంగతి చెప్పినప్పుడూ ఇదే వినిపించింది. వాళ్లిద్దరి తండ్రీ ఒకడేనని వేదిక మీద ఎవరూ అనకముందే సంగీతం చెప్పేసింది.

లైట్‌మోటిఫ్ అంటే ఇదే. పాత్రకో వస్తువుకో అంటించిన గుర్తుగా మాత్రమే చూస్తే వాగ్నర్ గొప్పతనం సగం కూడా అందదు. ‘దాస్ రైన్‌గోల్డ్’లో మొదటి రంగం నుంచి రెండో రంగానికి వెళ్లేటప్పుడు ఉంగరపు స్వరమాల క్రమంగా కరిగి వాల్హాల్లా స్వరమాలగా మారుతుంది. మరుగుజ్జు కోరుకున్న ఉంగరమూ, దేవతలు కట్టించుకున్న కోటా ఒకే అధికార దాహంలోంచి పుట్టాయన్న తీర్పు అది. దానికి ఒక్క మాటా అవసరం కాలేదు.

వాగ్నర్ 1813లో లైప్‌జిగ్‌లో పుట్టాడు. 1849 డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొని స్విట్జర్లాండ్‌కు పారిపోయాడు. తన ఆపెరాలకు సాహిత్యం తానే రాసుకున్నాడు. ఈ రెండూ భాగాలైన నాలుగు నాటకాల ‘రింగ్’ను వీరుడు జీగ్‌ఫ్రీడ్ చావుతో మొదలుపెట్టి, దానికి కారణమేమిటో చెప్పడానికి కథలో వెనక్కి వెనక్కి వెళ్లాడు. 1848లో ఎత్తుకున్న పని 1874లో పూర్తయింది. మొత్తం ప్రదర్శన సుమారు 15 గంటలు, నాలుగు రోజులు.

అందుకు తగిన రంగశాల కూడా కావాలన్నాడు. బవేరియా రాజు రెండో లూడ్విగ్ సాయంతో బైరాయిట్‌లో కట్టించిన ఆ రంగశాల 1876లో తెరుచుకుంది. వాద్యబృందం వేదిక కిందికి దిగిన గోతిలో, పైకప్పు చాటున కూర్చుంటుంది. ధ్వని ముందు వేదిక వైపు వెళ్లి, గాయకుల గొంతుతో కలిసి ప్రేక్షకుల దగ్గరికొస్తుంది. అందుకే అంత పెద్ద బృందం వాయిస్తున్నా మాట మునిగిపోదు.

1865లో మ్యూనిక్‌లో ప్రదర్శించిన ‘ట్రిస్టాన్ ఉంట్ ఇజోల్డె’ మరో సాహసం. షడ్జం మీద నిలవాల్సిన రాగాన్ని నిలవనివ్వకుండా గంటల తరబడి సాగదీస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మొదటి వరుసల్లోనే తీరని ఆ స్వరసమ్మేళనానికి విశ్రాంతి ఆఖరి క్షణాల్లో గానీ దొరకదు. ప్రేమ తపనను ఇంతకంటే సూటిగా చెప్పిన సంగీతం నేను వినలేదు.

ఇదే మనిషి 1850లో మారుపేరుతో, సంగీతంలో యూదులకు సొంత సృష్టి చేతకాదని ఒక వ్యాసం రాశాడు. తొలిరోజుల్లో తనకు చేయూతనిచ్చిన యూదు స్వరకర్త మాయర్‌బేర్‌ మీది అక్కసూ అందులో ఉంది. అది ఉద్రేకంలో జారిన మాట అనుకోవడానికీ లేదు. 1869లో ఇంకా పెంచి, ఈసారి సొంత పేరుతోనే మళ్లీ అచ్చు వేయించాడు. 1882లో ఆయన ఆపెరా ‘పార్సిఫాల్’ తొలి ప్రదర్శనను నడిపించింది మాత్రం యూదు మతగురువు కొడుకు హెర్మన్ లేవి.

హిట్లర్ పుట్టింది 1889లో, వాగ్నర్ పోయిన ఆరేళ్లకు, కాబట్టి నాజీల పాపం ఆయనకు అంటదని కొందరంటారు. నాకు ఆ వాదన చాలదు. నాజీలు ఆయన నోట లేని మాటలు పెట్టలేదు. ఉన్న మాటల్నే వాడుకున్నారు. ఆ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు ఈ సంగతిని కూడా మోయాలి.

1938 నవంబరులో జర్మనీలో యూదుల మీద దాడులు జరిగాక, పాలస్తీనాలోని యూదుల వాద్యబృందం తన కచేరీ నుంచి వాగ్నర్‌ను తీసేసింది. ఇజ్రాయెల్‌లో అదే ఆనవాయితీ అయింది, చట్టం చేయకుండానే. బొంబాయిలో పుట్టిన సంగీత నిర్దేశకుడు జుబిన్ మెహతా 1981లో టెల్ అవీవ్‌లో ఆ ఆనవాయితీ దాటబోతే నిరసన చెలరేగింది. 2001లో జెరూసలేంలో మరో నిర్దేశకుడు డానియెల్ బారెన్‌బోయిమ్ కచేరీ అయ్యాక శ్రోతలవైపు తిరిగి, వాగ్నర్ వాయించనా అని అడిగాడు. అరగంట వాదోపవాదాలు నడిచాయి. కొందరు కేకలు వేస్తూ వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు ఆయన ‘ట్రిస్టాన్’ తొలి సంగీతం వినిపించాడు.