కన్యాశుల్కమున పేర్లును తిట్లును

తల్లిదండ్రులు పెట్టిన పేరు వేఱు, లోకము తగిలించిన పేరు వేఱు. ఈ రెండవ రకమున వర్ణన యెక్కడ ముగియునో, దూషణ యెక్కడ మొదలగునో విచారించుటకు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ మంచి ఒరగల్లు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెక్కు మార్పులతో వెలువడిన యీ నాటకమున పేర్లు ఊరక పడలేదు.

లుబ్ధుడనగా పిసినారి, లుబ్ధావధాన్ల పేరే యాతని చరిత్ర. అగ్నిహోత్రావధాన్ల పేరున వైదికత్వముతోపాటు ముక్కోపమును ధ్వనించును. కరటకశాస్త్రికి పంచతంత్రములోని నక్క పేరు దక్కినది. లోభము మానుకొనదగినది, కోపము అణచుకొనదగినది. కావున ఈ పరిహాసము న్యాయమైనది.

పాత్రల నోట వెలువడు ‘వెధవ’, ‘ముండ’ అను మాటలు అట్టివి కావు. సంస్కృత ‘విధవ’యే తెలుగున ‘వెధవ’ యైనది. భర్తను గోల్పోయినదని మాత్రమే దాని యర్థము. ‘ముండ’ శబ్దమునకు మూలము గొరిగిన తల. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించిన సంఘమే ఆ గుండును తిట్టుగా మార్చినది. మగవానిని సైతము ‘వెధవా’ యనునప్పుడు అర్థము నశించి, ఏవగింపు మాత్రము మిగిలినది.

వితంతువుల దుస్థితిని జూపు నాటకమున ఈ మాటలుండుట లోపము కాదు. వానిని తొలగించినచో నాటి సంఘము ముఖమే కనబడదు. లోపమున్నచో మఱియొకచోట నున్నది. బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్లమ్మ ముగ్గురును వితంతువులే. మొదటి యిద్దఱకు పేర్లున్నవి. వంట చేసి బ్రతుకు మూడవయామెకు వృత్తియే పేరైనది. ఆమె యిరువది రూపాయలు కాజేసిన గిరీశమునకు పేరున్నది, వితంతూద్ధరణమును గూర్చిన వాగ్ధాటియు నున్నది. ప్రేక్షకుడు ఆమె చీపురును జూచి నవ్వును గాని, పేరడుగడు. ఆ నవ్వున నాటకమునకును పాలున్నది.

వితంతు పునర్వివాహమును 1856 నాటి చట్టము అంగీకరించినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగంగారు తాము పూనుకొన్న తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆచారము సడలినది గాని, మాట సడలలేదు. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా నివసించు తెలుగు ఇండ్లలో బడి తెలుగు సన్నగిల్లినను ఈ తిట్లు నిలిచియున్నవి. తల్లి ముద్దుగానైనను కొడుకును ‘వెధవా’ యనును. అర్థ మెఱుగక పలికినంత మాత్రమున మాట నిర్దోషము కాదు. పిల్లలకు తెలుగు నేర్పువారు ఆ మాట పుట్టుకను సైతము నేర్పవలెను. దోషమును తిట్టవచ్చును, దుఃఖమును తిట్టుగా వాడరాదు.